ఆరుగురి ఛానెల్‌లో ఒకరు పలకట్లేదు, అతన్ని మాత్రమే బయటికి పంపే దారి ఉందా?

నల్లకుంట_నోడ్:

అందరికీ నమస్తే. పోస్ట్ కాస్త పెద్దది, ఓపిగ్గా చదివి చెప్పండి.

మాదాపూర్‌లో శనివారాలు కలిసి లైట్నింగ్ (బిట్‌కాయిన్ మీద వేగంగా, తక్కువ ఖర్చుతో చెల్లింపులు చేసే నెట్‌వర్క్) గురించి చదువుకునే చిన్న గుంపు మాది. చదవడంతో ఆగకుండా ఆరుగురం కలిసి ఒక ఛానెల్ ఫ్యాక్టరీ కట్టాం. ఛానెల్ అంటే ఇద్దరు డబ్బు పెట్టి, ప్రతిసారీ బ్లాక్‌చెయిన్ ఎక్కకుండా తమ మధ్య లెక్క మార్చుకునే ఏర్పాటు, ఫ్యాక్టరీ అంటే ఒకే ఉమ్మడి డబ్బు మీద అలాంటివి చాలా నడపడం. టెస్ట్ కాయిన్లు కాదు, అసలు బిట్‌కాయిన్లే. ఒక్కొక్కరిది మరీ పెద్ద మొత్తం కాదు గానీ పోతే బాధపడే మొత్తమే. ఆరుగురి కీలనూ మ్యూసిగ్2 (పలువురి సంతకాలను ఒక్కటిగా కలిపే పద్ధతి) తో కలిపి ఒకే ట్యాప్‌రూట్ (బిట్‌కాయిన్‌లో కొత్త రకం) అడ్రస్‌లో డబ్బు పెట్టాం, కదలాలంటే ఆరు సంతకాలూ పడాలి. పైన పరిశోధకులు డెకర్, వాటెన్‌హోఫర్ 2015లో రాసిన పద్ధతిలో రెండు పొరల టైమ్‌లాక్ (ఇన్ని బ్లాకులు గడిచాకే చెల్లే) లావాదేవీలు, వాటి కింద ఇద్దరిద్దరి మధ్య మామూలు ఛానెళ్లు ఏడు. ఒక్కో పొరకు నాలుగు మెట్లు, 432, 288, 144, 0 బ్లాకులు (ఒక బ్లాకు సుమారు పది నిమిషాలు). వాటాలు మార్చినప్పుడు మెట్టు తగ్గిస్తాం, తక్కువ ఆగాల్సిన కొత్త లెక్కే ముందు చెల్లుతుంది. అంటే మొత్తం పదహారు సార్లు వాటాలు మార్చుకోవచ్చు. ఇప్పుడు మొదటి పొర 288 దగ్గర, రెండోది 144 దగ్గర ఉన్నాయి.

సమస్య ఏంటంటే మాలో ఒక స్నేహితుడు ఉద్యోగం మీద డాలస్ వెళ్లాడు. దసరా దాకా బాగానే పలికాడు. ఆ తర్వాత నోడ్ (ఈ సాఫ్ట్‌వేర్ నడిపే అతని కంప్యూటర్) ఆఫ్, ఇక్కడి ఫోన్ నంబర్ స్విచ్చాఫ్, మెసేజ్‌కి ఒకటే టిక్. తను మంచివాడు, డబ్బు ఎగ్గొట్టే రకం అస్సలు కాదు, ఏదో ఇబ్బందిలో ఉండి ఉంటాడనే అనుకుంటున్నాం. కానీ తను లేకుండా ఫ్యాక్టరీలో ఒక్క సాటు (బిట్‌కాయిన్‌లో పది కోట్ల వంతు) కూడా ఒక ఛానెల్ నుంచి ఇంకో ఛానెల్‌కి మార్చలేకపోతున్నాం. ఒకమ్మాయికి ఆమె ఛానెల్‌లో రిసీవ్ చేసుకునే కెపాసిటీ అయిపోయింది, పక్క ఛానెల్‌లో ఖాళీగా పడి ఉంది, అయినా ఏమీ చేయలేం.

అడగాలనుకున్నవి మూడు. మొత్తం కూల్చకుండా అతన్నొక్కడినే బయటికి పంపొచ్చా? కొత్తగా కట్టేటప్పుడు ఆరుగురిలో ఐదుగురు సంతకం పెడితే చాలు అని పెట్టుకోవచ్చా? ఏం చేసినా అతని డబ్బు అతనికి చేరాలి, దానికి ఏం చూసుకోవాలి?

ట్యాప్‌రూట్_తమ్ముడు:

అన్నా, మొదటి ప్రశ్నకు సూటిగా చెప్తున్నా. మీరు కట్టిన దాంట్లోంచి ఒక్కణ్ణే తీయడం ఇప్పుడు కుదరదు. ఆరు సంతకాలు కావాలని రాసుకున్న డబ్బు ఆరు సంతకాలతోనే కదులుతుంది, లేదంటే ముందే అందరూ సంతకం పెట్టి దాచుకున్న లావాదేవీలతో కదులుతుంది. మీ దగ్గర ఉన్న ముందస్తు సంతకాలన్నీ "మొత్తం విప్పేయడం" కోసం పెట్టినవే, "ఒకరిని తీసి మిగతావాళ్లం కలిసి ఉండడం" కోసం పెట్టినవి లేవు. కాబట్టి మిగిలింది విప్పడమే.

కానీ కంగారు పడే ముందు ఒక సంగతి. ఫ్యాక్టరీ విప్పితే ఛానెళ్లు చావవు. కిక్ఆఫ్ (విప్పడం మొదలుపెట్టే) లావాదేవీ, దాని మీద మొదటి పొర, దాని మీద రెండో పొర బ్లాక్‌చెయిన్‌లోకి ఎక్కాక మీ ఏడు ఛానెళ్లూ ఏడు మామూలు లైట్నింగ్ ఛానెళ్లుగా బయటికొస్తాయి. వాటిలో మీ ఐదుగురి మధ్య ఉన్నవి అలాగే నడుపుకోవచ్చు. అతనితో ఉన్న ఛానెళ్లు మాత్రమే ఫోర్స్ క్లోజ్ (అవతలివాడు పలకకపోయినా చివరి లెక్కతో మూసేయడం) చేయాలి. అతనితో ఎన్ని ఉన్నాయి?

ఇంకోటి, ఫ్యాక్టరీ కదలకపోయినా లోపలి ఛానెళ్లు ఇవాళ కూడా పనిచేస్తాయి కదా. మీరూ ఆ అమ్మాయీ మధ్య ఛానెల్ ఉంటే మీ ఇద్దరి సంతకాలు చాలు, డాలస్‌లో ఉన్నాయన అక్కర్లేదు. ఆమెకు రిసీవింగ్ కావాలంటే ఆ ఐదుగురిలోనే చుట్టూ తిప్పి (ఒక ఛానెల్‌లో పంపి ఇంకో దాంట్లో తనే తీసుకుని) రీబ్యాలెన్స్ చేయొచ్చు, ఆమెకు మీ ఐదుగురితో రెండు ఛానెళ్లుంటే.

అతనితో ఉన్న ఛానెల్‌లో పెండింగ్ హెచ్‌టీఎల్‌సీలు (గడువుతో మధ్యలో ఆగి ఉన్న చెల్లింపులు) ఏమైనా ఉన్నాయా? తొందర ఉందో లేదో తేల్చేది అదొక్కటే. ఉంటే గడువు బ్లాక్ నంబర్ చూసుకోండి. మీరు ఛానెల్ దాకా చేరడానికే 288 కలుపు 144, అంటే 432 బ్లాకులు, సుమారు మూడు రోజులు పడుతుంది. హెచ్‌టీఎల్‌సీ గడువుకు అంతకంటే ముందే కిక్ఆఫ్ వేయాలి.

నల్లకుంట_నోడ్:

అతనితో రెండు ఛానెళ్లు. పెండింగ్ ఏమీ లేవు, రెండూ చూశాను. రీబ్యాలెన్స్ ఆలోచన మాకు తట్టలేదు, ఈ రాత్రికే ప్రయత్నిస్తాం.

లెక్కల_మాస్టారు:

పెండింగ్ ఏమీ లేకపోతే తొందర లేదు, ఫీజు తగ్గిన రోజు చూసి చేయండి. నేను లెక్క కట్టి చెప్తాను, ఎందుకంటే ఇలాంటి చోట జనం భయంతో ఏ రేటుకైనా పంపేస్తారు.

ట్యాప్‌రూట్ కీతో ఖర్చు చేసే ఇన్‌పుట్ 57.5 వీబైట్లు (ఫీజు లెక్కకు వాడే లావాదేవీ సైజు కొలత), ఒక అవుట్‌పుట్ 43, పైన 10.5. ఫీజు పెంచుకోవడానికి ఒక యాంకర్ అవుట్‌పుట్ పెట్టారనుకుంటే అదో 13. కిక్ఆఫ్ 124, మొదటి పొర 124, ఏడు ఛానెళ్లు విడిపోయే చివరి లావాదేవీ 382. ఈ మూడూ ముందే సంతకం పెట్టినవి కాబట్టి వాటి ఫీజు ఇప్పుడు మార్చలేరు, ఒక్కోదానికి ఒక పిల్ల లావాదేవీ తగిలించి దాంతో ఫీజు కట్టాలి, అది ఒక్కోటి 150 చొప్పున. అంతా కలిపితే 1,100 వీబైట్లకు అటూఇటూ. అతనితో రెండు ఛానెళ్ల ఫోర్స్ క్లోజ్ ఒక్కోటి 281, కలిపి 562. వీబైట్‌కు 3 సాట్లున్న రోజు మొత్తం ఐదు వేల సాట్లతో పని అయిపోతుంది. అదే 300 ఉన్న రోజు ఐదు లక్షల సాట్లు. 2024 ఏప్రిల్‌లో హావింగ్ (మైనర్ల బహుమతి సగమయ్యే) రోజున రూన్స్ (బిట్‌కాయిన్ మీద అప్పుడే వచ్చిన టోకెన్లు) దెబ్బకు రేటు వెయ్యి సాట్లు దాటింది, అలాంటి రోజు మీరు ఇది చేయాల్సొస్తే కొందరి వాటా ఫీజుకే పోయేది.

అందుకే పెద్ద గుంపుల్లో ఒక్క మనిషి మౌనం ఇంత ఖరీదైన విషయం. తప్పు చేసినవాడైతే జరిమానా వేసే ఏర్పాటు లైట్నింగ్‌లో ఉంది. ఊరికే పలకనివాడి మీద ఏ జరిమానా లేదు, ఉండకూడదు కూడా, కరెంటు పోయినవాడికీ కావాలని ఆపేసినవాడికీ తేడా బ్లాక్‌చెయిన్‌కు తెలియదు కదా. ఫలితంగా ఖర్చంతా పలికేవాళ్ల మీద పడుతుంది.

ఒక హెచ్చరిక. మీ యాంకర్ ఎలాంటిది? సున్నా ఫీజు మాతృ లావాదేవీని పిల్లతో కలిపి ప్యాకేజీగా పంపే సౌకర్యం, పే టు యాంకర్ అవుట్‌పుట్లు ప్రామాణికంగా ఒప్పుకోవడం, ఇవి బిట్‌కాయిన్ కోర్ (నోడ్ సాఫ్ట్‌వేర్) 28.0 తో 2024 అక్టోబర్‌లో వచ్చాయి. మీ సొంత నోడ్ అంతకంటే పాతదైతే ముందు అప్‌డేట్ చేయండి. లేదంటే కిక్ఆఫ్ మీ మెంపూల్ (ఇంకా బ్లాక్ ఎక్కని లావాదేవీల నిల్వ) దాటి బయటికి పోదు.

పన్ను గురించి కూడా ఒక మాట. మన దేశంలో క్రిప్టో లాభం లెక్కేసేటప్పుడు కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తగ్గించుకోనివ్వరు, పన్ను 30 శాతం. ఈ ఫీజులు మీ జేబులోంచి పోతాయే గానీ లెక్కలో కలిసిరావు. తక్కువ ఫీజు రోజు కోసం ఆగమనడానికి అదీ ఒక కారణం.

కూకట్‌పల్లి_చీటీ:

నేను డెవలపర్‌ని కాదు, ఇరవై ఏళ్లకు పైగా చీటీల కంపెనీలో అకౌంట్స్ చూశాను, ఇప్పుడు మా అబ్బాయి వల్ల బిట్‌కాయిన్ గురించి చదువుతున్నాను. నల్లకుంట గారి రెండో ప్రశ్న చదివి మాట్లాడకుండా ఉండలేకపోయాను.

చీటీలో కూడా సభ్యుడు వాయిదాలు కట్టడం ఆపేసి కనబడకుండా పోవడం మామూలే. 1982 చిట్ ఫండ్స్ చట్టంలో 28వ సెక్షన్ దాని గురించే. ఇంకా చీటీ పాడుకోని సభ్యుడు వాయిదా ఎగ్గొడితే ఫోర్‌మన్ అతన్ని తొలగించవచ్చు, అతని బదులు వేరేవాళ్లను చేర్చుకోవచ్చు. కానీ తొలగించినవాడు అప్పటిదాకా కట్టిన డబ్బు ఎవరూ మింగడానికి లేదు, దాన్ని విడిగా బ్యాంకు ఖాతాలో ఉంచాలి. తీసేసే హక్కు, తీసేసుకునే హక్కు రెండూ వేరు వేరని చట్టమే గీత గీసింది. నేను చూసినంతలో గొడవలన్నీ ఈ గీత చెరిపేసిన చోటే వచ్చాయి.

చీటీలో ఆ గీత కాపాడటానికి ఫోర్‌మన్ ఉన్నాడు, పైన రిజిస్ట్రార్ ఉన్నాడు, సెక్యూరిటీ డిపాజిట్ ఉంది. మీ ఆరుగురిలో ఫోర్‌మన్ ఎవరూ లేరు. ఐదుగురి సంతకం చాలు అని పెట్టుకుంటే ఆ ఐదుగురే ఫోర్‌మనూ అవుతారు, రిజిస్ట్రారూ అవుతారు. ఆరోవాడి డబ్బు ఎక్కడికి పోవాలో కూడా వాళ్లే రాస్తారు. స్నేహితులు బాబూ, అలా చేయరు అంటారేమో. స్నేహితుల మధ్య చీటీలు ఎలా తెగిపోయాయో చూసినదాన్ని కాబట్టి అడుగుతున్నాను. ఇందులో గీత ఎవరు గీస్తారు?

ట్యాప్‌రూట్_తమ్ముడు:

మేడమ్, సరైన చోట పట్టుకున్నారు, ఈ విషయం మీద పనిచేసేవాళ్ల తలనొప్పంతా సరిగ్గా అదే.

ఐదుగురు చాలు అనడం అంటే ఆరోవాడి డబ్బు ఆ ఐదుగురి దయ మీద ఉన్నట్టే. ఇంకా ఘోరం, అది పలకనివాడికి మాత్రమే కాదు, పలుకుతున్నవాడికి కూడా వర్తిస్తుంది. ఈ రోజు ఎవరు ఆ ఆరోవాడో ముందే రాసి ఉండదు కదా. ఆరు నెలల తర్వాతే ఐదు సంతకాల దారి తెరుచుకోవాలి అని టైమ్‌లాక్ పెట్టినా ప్రమాదం వాయిదా పడుతుందే గానీ పోదు. అలా తెలిసి ఒప్పుకుని నడిచేవి ఉన్నాయి, లిక్విడ్ అనే కూటమి నెట్‌వర్క్‌లో 15 మందిలో 11 మంది సంతకం చాలు, ఫెడిమింట్ అనే ఉమ్మడి కాపలా పద్ధతిలోనూ నలుగురు కాపలాదారులుంటే ముగ్గురు చాలు. వాటిల్లో డబ్బు పెట్టేవాడికి నేను ఒక గుంపును నమ్ముతున్నాను అని తెలుసు. ఛానెల్ ఫ్యాక్టరీలో చేరేవాడు ఎవరినీ నమ్మక్కర్లేదనే చేరతాడు. రెండూ కలపకండి అన్నా.

గీత ఎవరు గీస్తారు అంటే, కోడ్ గీయాలి. అంటే ఎవరు ఎవరిని తీసినా, తీయబడినవాడి వాటా చివరిసారి అందరూ ఒప్పుకున్న లెక్క ప్రకారం అతని కీకే పోవాలి, ఒక్క సాటు అటూ ఇటూ కాకుండా. అప్పుడు "నిజంగా పలకట్లేదా, వీళ్లు కావాలని తీశారా" అన్న ప్రశ్నకు జవాబు అక్కర్లేదు. పలకలేదని నిరూపించడం ఎలాగూ కుదరదు. అన్యాయంగా తీసినా నష్టం లేకుండా చేస్తే ఆ నిరూపణ అవసరమే పోతుంది.

2022 ఫిబ్రవరిలో జెడ్‌ఎంఎన్‌ఎస్‌సీపీఎక్స్‌జే అన్న మారుపేరుతో రాసే డెవలపర్ ఓపీ_ఎవిక్ట్ అని ఒక కొత్త ఆప్‌కోడ్ (బిట్‌కాయిన్ స్క్రిప్ట్‌లో వాడే ఆదేశం) ప్రతిపాదించాడు, అచ్చంగా ఇదే పని కోసం. ఆలోచన బాగుంటుంది. డబ్బు మీదున్న ఉమ్మడి కీ అందరి కీల మొత్తం. బయటికి పంపాల్సినవాళ్ల వాటాలు ఫలానా అవుట్‌పుట్లలో వాళ్లకే పోతున్నాయని చూపిస్తే, స్క్రిప్ట్ ఆ మొత్తంలోంచి వాళ్ల కీలు తీసేసి, మిగిలినవాళ్ల ఉమ్మడి సంతకం ఉందో లేదో చూస్తుంది. ఉంటే మిగిలినవాళ్లు తమ కూటమి కొనసాగిస్తారు. యాభై మందిలో ఇద్దరు పడుకుంటే ఆ ఇద్దరి వివరాలే చెయిన్ మీదికి ఎక్కుతాయి, నలభై ఎనిమిది మంది గుట్టు విప్పక్కర్లేదు.

దానికంటే ముందు 2021లో ఆంథనీ టౌన్స్ అనే డెవలపర్ ట్యాప్‌లీఫ్ అప్‌డేట్ వెరిఫై అని ఇంకోటి ప్రతిపాదించాడు. అది ఎక్కువగా "నేను వెళ్తున్నా, నా వాటా ఇచ్చేయండి" అని తానే వెళ్లేవాడి కోసం. రెండూ ఇప్పటికీ ప్రతిపాదనలే, బిట్‌కాయిన్‌లో లేవు. సాఫ్ట్ ఫోర్క్ (బిట్‌కాయిన్ నియమాల మార్పు) కావాలి, చివరిది ట్యాప్‌రూట్, 2021 నవంబర్‌లో 7,09,632వ బ్లాక్ దగ్గర అమల్లోకి వచ్చింది. కాబట్టి మీ కొత్త ఫ్యాక్టరీకి వీటి మీద ఆశ పెట్టుకోవద్దు.

నల్లకుంట_నోడ్:

చీటీ గారూ, తమ్ముడూ, ఇద్దరికీ థ్యాంక్స్. ఐదు సంతకాల ఆలోచన వదిలేస్తున్నాం, మా గుంపులో ఇద్దరు దాని మీద పట్టుగా ఉన్నారు, మీరు రాసింది వాళ్లకు చూపించాను.

మరి కొత్త ఆప్‌కోడ్ లేకుండా, ఉన్న సరుకుతోనే, ముందే సంతకాలు పెట్టించి పెట్టుకోలేమా? అంటే ప్రతి స్థితికీ "ఫలానావాడు వెళ్లిపోతే" అన్న లావాదేవీ కూడా అందరం కలిసే సంతకం చేసి దాచుకుంటే?

ట్యాప్‌రూట్_తమ్ముడు:

పెట్టుకోవచ్చు, నేను కాగితం మీద వేసి చూశాను కూడా. ఎక్కడ బరువు పడుతుందో చెప్తా, అప్పుడు మీరే నిర్ణయించుకోండి.

చివరి పొర స్థానంలో ఇప్పుడు ఒకే లావాదేవీ ఉంది, ఏడు ఛానెళ్లుగా విడిపోయేది. దాని పక్కనే అదే ఇన్‌పుట్, అదే టైమ్‌లాక్‌తో ఇంకో ఆరు సంతకం చేస్తారు, ఒక్కొక్కరి పేరు మీద ఒకటి. ఫలానావాడి పేరు మీదున్న దాంట్లో అతని రెండు ఛానెళ్లు విడిగా బయటికొస్తాయి, మిగిలిన డబ్బంతా ఐదుగురి కొత్త ఉమ్మడి అడ్రస్‌కు పోతుంది. ఆ ఐదుగురి డబ్బుకి మళ్లీ విప్పే లావాదేవీ ముందే సంతకం చేసి ఉండాలి, అది లేకుండా ఈ ఆరింటిలో ఏ ఒక్కదాని మీదా సంతకం పెట్టకండి. లేకపోతే రేపు రెండోవాడు పలకడం మానేస్తే ఆ డబ్బు శాశ్వతంగా బిగుసుకుపోతుంది. టైమ్‌లాక్ కూడా తప్పనిసరిగా ఆ స్థితిదే ఉండాలి, తక్కువ పెడితే పాత స్థితి లెక్కతో ఒకడిని గెంటేసే సందు దొరుకుతుంది.

బరువు ఎక్కడంటే లోపలి ఛానెళ్లలో. ఛానెల్ కమిట్‌మెంట్ (ఛానెల్‌లో తాజా వాటాలు రాసిన లావాదేవీ) సంతకం దాని పై లావాదేవీ ఐడీకి కట్టుబడి ఉంటుంది. ఇప్పుడు పై లావాదేవీ ఏడు రకాలుగా ఉండొచ్చు కాబట్టి మీ ఇద్దరి మధ్య ఒక్క పేమెంట్ జరిగినా ఏడు రకాల కమిట్‌మెంట్‌కీ సంతకాలు మార్చుకోవాలి, ఏడింటి పాతవాటినీ రద్దు చేసుకోవాలి. ఇద్దరు ముగ్గురు ఒకేసారి పోయే అవకాశాలు కూడా కలిపితే ఆరుగురికి 62 కలయికలు, ఆ తర్వాత ఎవరి తర్వాత ఎవరు పోయారన్నది కూడా కలిపితే చేతికి రాదు. 2020లో వచ్చిన కాయిన్‌పూల్ (పలువురు ఒకే ఉమ్మడి డబ్బు పంచుకునే) ఆలోచనకూ ఇదే చిక్కు, అందుకే వాళ్లూ కొత్త ఆప్‌కోడ్‌లు అడిగారు. బీఐపీ 118 అన్న మార్పు ప్రతిపాదన, ఎనీప్రివవుట్, వచ్చి ఉంటే సంతకం ఐడీకి కట్టుబడదు కాబట్టి ఈ ఏడు రెట్లు తప్పేది. అదీ రాలేదు.

నా అభిప్రాయం అడిగితే ఆరుగురికి ఒక్కొక్కరి చొప్పున ఆరు చాలు, కలయికల జోలికి వెళ్లకండి. ఇద్దరు ఒకేసారి మాయమైతే మొత్తం విప్పేయడమే.

లెక్కల_మాస్టారు:

లాభం ఎంతో కూడా చూడండి. ఒకడిని తీసే లావాదేవీలో అవుట్‌పుట్లు మూడు, యాంకర్‌తో 210 వీబైట్లు. మొత్తం విప్పేదానికి 382. మిగులు 172. విప్పాక ఐదు ఛానెళ్లను మళ్లీ ఒక ఫ్యాక్టరీగా కలపాలంటే ట్యాప్‌రూట్ అవుట్‌పుట్లయినా ఇంకో 341. కలిపి 500 పైచిలుకు వీబైట్లు ఆదా. ఫీజు తక్కువున్న రోజు ఇది లెక్కలోకి రానంత చిన్నది. ఆరుగురి ఫ్యాక్టరీకి ప్రతి పేమెంట్ మీదా ఏడు రెట్ల సంతకాల బరువు మోసి ఇది ఆదా చేయడం నా దృష్టిలో దండగ. మీరు ముప్ఫై మందికి పెంచేటట్టైతే మళ్లీ ఆలోచించండి, కానీ అప్పుడు సంతకాల బరువు ముప్ఫై ఒక్క రెట్లు. అందుకే ఇది కోడ్ మారితే తప్ప తీరే సమస్య కాదని నేను అనేది.

తమ్ముడి మాట కాదనట్లేదు, నేర్చుకోవడానికైతే కట్టండి. డబ్బు పెట్టేదానికి మాత్రం ఆరుగురి బదులు ముగ్గురేసి రెండు ఫ్యాక్టరీలు చేసుకోండి. ఒకరు పలకకపోతే ఇబ్బంది పడేది ఇద్దరే.

సంతోష్‌నగర్_సాట్స్:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఆర్క్ (ఒక ఆపరేటర్ నడిపే ఉమ్మడి చెల్లింపుల పద్ధతి) చూశారా ఎవరైనా? 2023లో వచ్చిన ఆలోచన. అందులో గెంటేయడం అన్న మాటే లేదు, ప్రతి వాటాకూ గడువు ఉంటుంది, గడువు లోపల మనిషి వచ్చి కొత్తది చేయించుకోవాలి లేదా బయటికి తీసుకోవాలి. జాన్ లా రాసిన టైమౌట్ ట్రీలదీ అదే దారి. పలకనివాడి వల్ల మిగతావాళ్లు ఆగిపోరు.

కూకట్‌పల్లి_చీటీ:

గడువు దాటితే ఆ డబ్బు ఎవరికి పోతుంది బాబూ?

సంతోష్‌నగర్_సాట్స్:

నడిపే ఆపరేటర్ తీసుకోగలడండీ. మంచి ఆపరేటర్లు తర్వాత తిరిగి ఇవ్వొచ్చు, కానీ కోడ్ వాళ్లను బలవంతపెట్టదు.

కూకట్‌పల్లి_చీటీ:

అయితే ఆసుపత్రిలో నెల రోజులు ఉన్నవాడి సంగతేంటి? నల్లకుంట గారి స్నేహితుడు ఇప్పుడు ఎలా ఉన్నాడో మనకు ఎవరికీ తెలియదు. అలాంటివాడి మీదే బరువంతా వేసే పద్ధతి నాకు నచ్చలేదు. ఖర్చు కాస్త ఎక్కువైనా అతని వాటా అతని పేరు మీద బయటికి వచ్చే పద్ధతే మేలు.

ట్యాప్‌రూట్_తమ్ముడు:

చీటీ మేడమ్ మాటకే నా ఓటు. సాట్స్ భాయ్, ఆర్క్ మంచి డిజైనే, ఫోన్ రోజూ చూసుకునే మనిషి చిన్న మొత్తాలు వాడుకోవడానికి బాగుంటుంది. దీర్ఘకాలం వదిలేసే డబ్బుకి కాదు.

మూడో ప్రశ్నకు ఇంకా ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. మీ లోపలి ఛానెళ్లు యాంకర్ రకానివే అయితే, మీరు ఫోర్స్ క్లోజ్ చేసినప్పుడు అతని వాటా నేరుగా అతని సీడ్ (వాలెట్ కోసం రాసి పెట్టుకునే పదాలు) నుంచి పుట్టే కీకి పోతుంది. అతని నోడ్ డిస్క్ కాలిపోయినా, పాత ల్యాప్‌టాప్ పోయినా, ఆ పదాలు ఒక కాగితం మీద ఉంటే చాలు, డబ్బు దొరుకుతుంది. పెద్ద ఆలస్యం మీ వాటాకే, ఛానెల్ తెరిచినప్పుడు ఒప్పుకున్న టైమ్‌లాక్ ప్రకారం, సాధారణంగా 144 బ్లాకులో ఇంకా ఎక్కువో. ఒక రకంగా మీరు మూసేయడం అతనికి మేలే.

ప్రమాదం ఎప్పుడంటే, అతను తిరిగొచ్చి హడావుడిగా పాత డేటాబేస్ కాపీ పెట్టి నోడ్ ఆన్ చేసి తనే ఫోర్స్ క్లోజ్ చేస్తే. అది పాత స్థితి అయితే మీ నోడ్లు, మీకు ఇష్టం లేకపోయినా, అతన్ని దొంగ అనుకుని వాటా మొత్తం జరిమానా కింద లాగేస్తాయి. కాబట్టి అతనికి పంపే ప్రతి మెసేజ్‌లోనూ ఈ రెండు వాక్యాలు పెట్టండి. పాత బ్యాకప్‌తో నోడ్ ఆన్ చేయొద్దు, ముందు మాకు ఫోన్ చెయ్. తన దగ్గర ఛానెల్ బ్యాకప్ ఫైల్ ఒక్కటే ఉంటే ఫర్వాలేదు, అది అవతలివాళ్లను మూయమని అడుగుతుందే గానీ తను పాతది వేయదు.

అలాగే కిక్ఆఫ్ వేసే దాకా కూడా మీ ఐదు నోడ్లూ మెలకువగా ఉండాలి. ఎవరైనా కిక్ఆఫ్ వేస్తే, మీ కొత్త స్థితికీ దాని ముందటి స్థితికీ మధ్య 144 బ్లాకుల తేడా, అంటే ఒక్క రోజు. ఆ రోజులో కొత్తది చెయిన్ ఎక్కాలి. వర్షాలకు కరెంటు పోయే కాలనీల్లో ఉన్నవాళ్లు ఇన్వర్టర్ మీద నమ్మకం పెట్టుకోకుండా ఐదుగురూ ఐదు చోట్ల అన్ని లావాదేవీల కాపీలూ ఉంచుకోండి, ఎవరు వేసినా చెల్లుతుంది.

కూకట్‌పల్లి_చీటీ:

ఇంకో మాట. మెసేజ్‌లు పెట్టి ఊరుకోకండి. వాళ్ల అమ్మానాన్నలు ఇక్కడే ఉంటే మీలో ఒకరు ఇంటికి వెళ్లండి. డబ్బు సంగతి ముందు ఎత్తకండి, ఎలా ఉన్నాడో కనుక్కోండి. జరగరానిది ఏమైనా జరిగి ఉంటే ఆ పదాల కాగితం విలువ ఆ ఇంట్లో వాళ్లకు తెలియకపోవచ్చు, పాత కాగితాలతో పాటు పడేస్తారు. మేం నోటీసు పోస్ట్‌లో పంపి చేతులు దులుపుకున్న రోజులున్నాయి, ఇంటికెళ్లిన చోట మాత్రం సగం గొడవలు గడప దగ్గరే తీరిపోయాయి.

లెక్కల_మాస్టారు:

అతను దొరికితే ఖర్చు కూడా బాగా తగ్గుతుంది. ఆరుగురూ సంతకం పెట్టి ఒకే లావాదేవీతో ఎవరి వాటా వాళ్లకు ఇచ్చేస్తే, ఒక ఇన్‌పుట్, ఆరు అవుట్‌పుట్లు, 326 వీబైట్లు. టైమ్‌లాక్‌లు లేవు, పిల్ల లావాదేవీలు లేవు, ఆ రోజు ఫీజు ఎంతుంటే అంతే పెట్టుకోవచ్చు.

నల్లకుంట_నోడ్:

అప్‌డేట్ ఇస్తున్నా. రీబ్యాలెన్స్ పనిచేసింది, ఆ అమ్మాయికి ప్రస్తుతానికి సరిపడా రిసీవింగ్ వచ్చింది, తొందర పూర్తిగా పోయింది. వాళ్ల పేరెంట్స్ ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో, మాలో ఇద్దరం ఆదివారం వెళ్లాం. మనిషి క్షేమం, అది విన్నాకే మాకు ఊపిరి ఆడింది. ఉద్యోగం పోయి, వీసా టెన్షన్‌లో ఇల్లు మారి, ఎవరితోనూ మాట్లాడట్లేదట. వాళ్ల నాన్నగారితో తమ్ముడు చెప్పిన రెండు వాక్యాలూ కాగితం మీద రాసి ఇచ్చాం, ఫోన్‌లో చదివి వినిపిస్తానన్నారు. సీడ్ పదాలు తన దగ్గరే ఉన్నాయని కబురొచ్చింది.

ఐదుగురం అనుకున్నది ఇది. సంక్రాంతి దాకా ఆగుతాం, ఆ లోపల తను కూర్చోగలిగితే ఒకే లావాదేవీతో అందరం బయటికొస్తాం. కుదరకపోతే ఫీజు 5 సాట్ల లోపు ఉన్న రోజు కిక్ఆఫ్ వేస్తాం, తన రెండు ఛానెళ్లూ మేమే మూస్తాం, ఆ ఫీజు ఐదుగురం పంచుకుంటాం, తన దగ్గర అడగం. కొత్తవి ముగ్గురేసి కడతాం. కోర్ వెర్షన్ మా ముగ్గురిది 27 ఉంది, ఈ రాత్రి మార్చేస్తున్నాం.

ఒక చిన్న డౌట్ మిగిలింది. మూసేటప్పుడు యాంకర్‌కి ఫీజు కట్టే పిల్ల లావాదేవీకి మా దగ్గర చెయిన్ మీద విడిగా డబ్బు ఉండాలా, లేక ఛానెల్‌లో ఉన్నదే వాడుకోవచ్చా?

ట్యాప్‌రూట్_తమ్ముడు:

విడిగా ఉండాలన్నా, ఛానెల్‌లో ఉన్నది టైమ్‌లాక్ దాటేదాకా చేతికి రాదు. ఐదుగురిలో ఇద్దరి దగ్గరైనా చెయిన్ మీద ఒక్కొక్కరికి ఇరవై ముప్ఫై వేల సాట్లు కన్ఫర్మ్ అయినవి ఉంచుకోండి. ఒకేదాంట్లో కాకుండా రెండు మూడు అవుట్‌పుట్లుగా ఉంచితే ఒకటి ఇరుక్కున్నా ఇంకోటి వాడుకోవచ్చు. మీ లావాదేవీలు వెర్షన్ 3 (పిల్లతో ప్యాకేజీగా పంపడానికి పెట్టిన రకం) అయితే పిల్ల వెయ్యి వీబైట్లు దాటకూడదు, దానికి చిన్న చిన్న ఇన్‌పుట్లు పోగేయకుండా ఒక్క ఇన్‌పుట్‌తో సరిపెట్టండి.